విమ్ ఎడిటరు మన విద్యార్థుల కవసరమా?

మన విద్యార్థులలో ననేకులు నేడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొనుచున్నారు. వ్రాయుటకు ఎడిటరు కావలయును గదా! మౌసుతో మెనూలను వెదకుచు వ్రాయు ఎడిటరులు అందఱికిని పరిచితములే. వానిని విడిచి, కేవలము కీబోర్డు మీటలచేతనే సర్వమును జరుపు విమ్ అను ఎడిటరునకు మాఱవలెనా యని పై తరగతుల బాలురును బాలికలును అడుగుచున్నారు. "ఉన్నది చాలదా? పరీక్షలలో దీని నడుగుదురా?" యని కొందఱు తలిదండ్రుల ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. అయినను ప్రోగ్రాములు వ్రాయ నిశ్చయించుకొన్న విద్యార్థి దీనిని నేర్వవలెననియు, తన యంత్రములో తానే స్వహస్తములతో ఇన్‌స్టాలు చేసికొనవలెననియు నా యభిప్రాయము. కారణములు మనవి చేసెదను.

దీని పుట్టుక నెఱిగినచో, ఇది మీటలనే యేల నమ్ముకొన్నదో తెలియును. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖయందు చదువుచుండిన బిల్ జాయ్ 1976లో వీఐ అను ఎడిటరునకు పునాది వేసెను. ఆయన వాడిన ఏడీఎం-3ఏ అను టెర్మినలునకు మౌసు లేదు. బాణపు మీటలును వేఱుగా లేవు. హెచ్, జె, కె, ఎల్ అను నాలుగు మీటలపైననే బాణపు గుర్తులు ముద్రింపబడి యుండెను. నేటికిని ఆ నాలుగు మీటలే వరుసగా ఎడమకు, క్రిందికి, పైకి, కుడికి కొనిపోవుచున్నవి. పిమ్మట నెదర్లాండ్సు దేశస్థుడైన బ్రామ్ మూలెనార్ ఆ మార్గము ననుసరించి విమ్‌ను నిర్మించి 1991లో లోకమున కొసగెను.

ఇందు వ్రాయు స్థితి వేఱు, ఆజ్ఞలిచ్చు స్థితి వేఱు. ఐ మీట నొక్కిన వ్రాయవచ్చును. ఎస్కేప్ నొక్కిన ఆజ్ఞల స్థితికి మరల వత్తుము. అచ్చట మీటలు అక్షరములను వ్రాయవు, ఆజ్ఞలను నెఱవేర్చును. ఆ యాజ్ఞలకొక వ్యాకరణము కలదు. డి యనగా తొలగింపుము. డబ్ల్యు యనగా పదము. రెండును వరుసగా నొక్కిన ఒక పదము పోవును. నడుమ 3 చేర్చిన మూడు పదములు పోవును. డి స్థానమున సి నుంచిన ఆ పదము తొలగి, దాని చోట క్రొత్తది వ్రాయ వీలగును. క్రియ యొకటి, కర్మ యొకటి! కొన్ని క్రియలును కొన్ని కర్మలును నేర్చినవానికి, ఎవ్వరును చెప్పని వాక్యములు సైతము తనంతట వచ్చును. మెనూలను కంఠస్థము చేయుటకును దీనికిని భేద మిదియే.

తొలినాళ్ల ప్రయాస లేదనను. విమ్ నుండి బయటపడుట యెట్లను ప్రశ్నను తమ పుటలలో చూచినవారు పది లక్షలు దాటిరని 2017లో స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థ ప్రకటించెను! మార్గము సులభమే: ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకము వ్రాసి, ఎంటర్ నొక్కవలెను; వ్రాసినది దాచుకొనవలె నన్నచో కోలన్, డబ్ల్యు, క్యూ.

ఇన్‌స్టాలు చేయుటలో రెండు చిక్కులు తఱచుగా కనబడును. ఉబుంటు, డెబియన్ వంటి లినక్సు రకములలో సాధారణముగా విమ్ యొక్క మిక్కిలి చిన్న కూర్పు మాత్రమే ముందుగా నుండును. అందు వ్రాయుచు బాణపు మీట నొక్కినచో కర్సరు కదలక ఏ, బి, సి, డి యక్షరములు పడుట కలదు. విద్యార్థి తన యంత్రము చెడెనని భయపడును. చెడినది లేదు, టెర్మినలులో "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ విమ్" అని యాజ్ఞ నిచ్చి పూర్ణమైన కూర్పును తెచ్చుకొనిన చాలును. విండోసు వాడువారికి విమ్ వారి వెబ్‌సైటునందే ఇన్‌స్టాలరు ఉచితముగా దొరకును.

రెండవది విమ్‌ఆర్‌సీ అను ఫైలు. మన యిష్టానుసారపు నియమములను దీనిలో వ్రాసికొందుము. ఇది లేనప్పుడు విమ్ తన సహజ నియమములను తానే చదువుకొనును. 2016లో వెలువడిన 8.0 కూర్పు నుండి ఈ పద్ధతి యున్నది. మనము స్వంత ఫైలు నొకదానిని సృష్టించిన దినముననే ఆ సహజ నియమములు నిలిచిపోవును. అక్షరముల రంగులు మొదలైనవి మాయమగుటయు కలదు. ఆ నియమములుగల డిఫాల్ట్స్.విమ్ అను ఫైలును చదువుమని మొదటి పంక్తిలో వ్రాసిన యీ చిక్కు తీరును. కొందఱు విద్యార్థులు పరుల ఫైలు నుండి నూఱేసి పంక్తులు దించుకొని, ఒకటి చెడినప్పుడు ఏది చెడినదో తెలియక తికమక పడుదురు. అర్థము తెలియని పంక్తిని చేర్చకుడు. దించుకొన్న లెక్క యెట్టిదో యిదియు నట్టిదే. కనుకనే అన్నగారో స్నేహితుడో చేసిపెట్టుటకంటె స్వయముగా చేయుట మేలని చెప్పుచున్నాను.

దీనివలని లాభమేమి? దూరదేశముననున్న సర్వరును సవరించునప్పుడు మౌసును మెనూలును తఱచు లభింపవు. టెర్మినలు మాత్రమే యుండును. అచ్చట వీఐ గాని విమ్ గాని సామాన్యముగా దొరకును. మఱియు నిది ఉచితము. పాత యంత్రములలోను చక్కగా నడచును. క్రొత్త కంప్యూటరు కొనలేని యింటి బిడ్డకు ఇది స్వల్పలాభము కాదు.

అయినను దీనిని సర్వులపై మోపరాదు. తెనుగు వ్యాసములు వ్రాయువారికి ఇది తగదు. ఆజ్ఞలన్నియు ఇంగ్లీషు అక్షరములతోనే యుండుటచే, తెనుగు వ్రాసిన ప్రతిసారియు కీబోర్డును మరల మార్చవలసి వచ్చును. పెక్కు టెర్మినలులలో మన యొత్తులును గుణింతములును చెదరి కనబడును. అట్టి పనికి లిబ్రే ఆఫీసు వంటివి మేలు. పరీక్షల ముందు దీనిని మొదలుపెట్టుటయు వివేకము కాదు. సెలవులలో, విమ్‌ట్యూటర్ అను పాఠమును దినమున కరగంట చొప్పున రెండు వారములు అభ్యసింపుడు.

తుదకొక మాట. మూలెనార్ 1994లో ఒక సంవత్సరకాలము ఉగాండా దేశమందలి కిబాలే గ్రామమున, ఎయిడ్స్ వ్యాధిచే తలిదండ్రులను గోల్పోయిన పిల్లల నిమిత్తము నడచు కేంద్రములో, నీటి సరఫరా, పారిశుద్ధ్యపు పనులయందు స్వచ్ఛందముగా సేవ చేసెను. విమ్‌ను ఉచితముగా నిచ్చి, సంతోషించినవారు ఆ పిల్లలకు సాయము చేయుడని కోరెను. 2023 ఆగస్టు 3న ఆయన పరమపదించినను ఇతరులు ఆ పనిని కొనసాగించుచున్నారు. తన తలాంతును భూమిలో దాచక పదిమందికి పంచిన యా మనుజుని మాదిరి, ఆయన చేసిన ఎడిటరుకంటెను విలువైనది. విద్యార్థులారా, పనిముట్టును శ్రద్ధతో నేర్వుడు. నేర్చిన విద్యను పరుల మేలునకై వినియోగింపుడు.