దూరవిద్య: బాధ్యత యెవ్వరిది?

నిత్యము కళాశాలకుఁ బోఁజాలని విద్యార్థికి పట్టము నందించు మార్గమును తెఱచుటలో తెలుగునాడు భారతదేశమునకే దారి చూపినది. 1982లో వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమున నట్టి సంస్థలలో మొదటిది. 1991లో దానికి డాక్టరు అంబేద్కరు పేరు పెట్టఁబడినది. దాని ప్రథమోపాధ్యక్షులగు ఆచార్య జి. రామరెడ్డిగారే, 1985లో నేర్పడిన ఇందిరాగాంధి జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును ప్రథమోపాధ్యక్షులైరి. సేద్యము చూచుకొనుచును, కొలువు చేయుచును చదువుకొనువారికి ఈ మార్గము గొప్ప యాధారము.

గుర్తింపుగల సంస్థ దూరవిద్యవలన నొసఁగు పట్టము కళాశాలలో గడించిన పట్టముతో సమానమని యూనివర్సిటీ గ్రాంట్సు కమీషనువారు 2022లో స్పష్టముగాఁ బ్రకటించిరి. ఇది హర్షింపఁదగినదే. కాని యీ సమానత్వమంతయు ‘గుర్తింపు’ అను నొక్కమాటపై నిలిచియున్నది. ఇంజనీరింగు, వైద్యము, న్యాయశాస్త్రము మున్నగు పట్టములను దూరవిద్యవలన నొసఁగుటకు 2020 నాటి నిబంధనలు సమ్మతింపవు.

ఈ మాట నుపేక్షించిన ఫలమెట్టిదో 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు తెలిపినది. కొన్ని డీమ్డు విశ్వవిద్యాలయములు తగిన యనుమతి లేకయే దూరవిద్యవలన ఇంజనీరింగు పట్టముల నొసఁగెను. 2001 మొదలు 2005 వఱకుఁ జేరినవారి పట్టములు నిలుపఁబడి, వారు మరల పరీక్షకుఁ గూర్చుండవలసి వచ్చెను. ఆ పిదపఁ జేరినవారి పట్టములు రద్దయ్యెను. రుసుము తిరిగి యిప్పింపవచ్చును. గడచిన యేండ్ల నెవ్వరు తిరిగి యిత్తురు?

విద్యార్థియే ముందుగా విచారించుకొనవలదా యని కొందఱందురు. విచారింపవలసినదే. సంస్థకు ఆ సంవత్సరమునకు గుర్తింపు కలదా, ఆ పాఠ్యక్రమమునకు అనుమతి కలదా, పాఠము చెప్పు కేంద్రమెక్కడ నున్నది అను మూఁడు ప్రశ్నలు వేయక తలిదండ్రులు రుసుము చెల్లింపరాదు. కాని పై తీర్పుకు గుఱియైన సంస్థలలోఁ దొలుతఁ జేరినవారికి, పట్టములను సక్రమము చేయఁజూచుచు అధికారులే పిదప ననుమతి నొసఁగిరి. న్యాయస్థానము దానిని కొట్టివేసినది. అధికారులే పొరపడిన చోట పల్లెటూరి బాలుఁడు నిజమునెట్లు కనుఁగొనఁగలఁడు?

కావున గుర్తింపు పట్టికను ప్రవేశములకు ముందే తెలుఁగులో ప్రకటించి మండలమండలమునను తెలియఁజేయుట ప్రభుత్వముల విధి. అనుమతి చేతికి రానిదే రుసుము గైకొను సంస్థను తొలినాఁడే యాపవలెను. చేతులు కాలిన పిదప నాకులు పట్టుకొన్న లాభము లేదు. ఇచ్చటఁ గాలునది విద్యార్థి భవిష్యత్తు.