ఒక్క మీట - వంద కంప్యూటర్లు

ఈ శీర్షికలో ఇంతవరకు వడ్డీ లెక్కలు, నామినేషన్లు, లాకరు తాళాల గురించి రాస్తూ వచ్చాను. ఈసారి కంప్యూటర్ల గురించి రాస్తున్నాను. బి.కాం. చదివినవాడికి ఈ గొడవ ఎందుకని మీరు నవ్వుకోవచ్చు. నాకు తెలిసింది జమా ఖర్చులే, ఒప్పుకుంటాను. కాని మా వీధిలో ఒక అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఈ సంగతంతా నేర్చుకోవలసి వచ్చింది.

మాది చిమ్కోడ్. బీదరు జిల్లాలో ఒక పల్లె. 1956 వరకు బీదరు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది కదా, అందుచేత ఇక్కడ కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ ఒకే అరుగు మీద కూర్చుంటాయి. అవ్వ నాతో మాట్లాడేది తెలుగే. ఆమె అడిగింది ఇంతే: "కంప్యూటర్లు కొత్తగ జేసినం అంటివి. మరి నా పెనిమిటి ఖాతా ఏడ బోయింది బిడ్డా?"

కథ మొదటినుంచి చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే 1990ల్లో, కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టడమంటే ఒక పూజా కార్యక్రమం. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే మరేమీ లేదు. కొత్త శాఖకు భవనం కట్టినంత మాత్రాన బ్యాంకు అవదు గదా. కౌంటరు ఎక్కడ, తాళం ఎవరి దగ్గర, ఏ కాగితం ఎటు వెళ్ళాలి అన్న ఏర్పాటు ఉంటేనే పని సాగుతుంది. యంత్రానికి ఆ ఏర్పాటే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ 95ను ఫ్లాపీల మీద కొంటే 13 ఫ్లాపీలు వచ్చేవి. ఒకటి తీసి ఇంకొకటి పెడుతూ కూర్చోవాలి. పదకొండోది చెడిపోయిందా, మళ్ళీ గణపతి పూజ దగ్గర్నుంచి మొదలు! ఒక్కో యంత్రానికి సగం రోజు పట్టేది.

ఇక 2019 డిసెంబరుకు వద్దాం. విండోస్ 7కు మైక్రోసాఫ్టు కంపెనీ వారి మద్దతు 2020 జనవరి 14తో ముగుస్తుందని తెలిసి, శాఖలన్నిటిలోను విండోస్ 10 పెట్టాలని పై ఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. మద్దతు ముగియడమంటే భద్రతా లోపాలకు మరమ్మతులు రావడం ఆగిపోవడం. పగిలిన కిటికీకి ఇక అద్దం వేయరన్నమాట. నేనప్పుడు బీదరులో ఒక శాఖలో పనిచేస్తున్నాను. మా దగ్గర పదకొండు కంప్యూటర్లు. శనివారం సాయంత్రం ఒక ఇంజనీరు కుర్రవాడు వచ్చాడు. సంచిలో ఫ్లాపీలు లేవు, సీడీలు లేవు. ఒక ల్యాప్‌టాప్, రెండు గజాల వైరు, అంతే.

"మిగతా సామానేది బాబూ?" అన్నాను.

"అంతా ఇందులోనే ఉంది సార్. వైరులోనుంచి వెళ్ళిపోతుంది" అన్నాడు.

ల్యాప్‌టాప్‌ను మా నెట్‌వర్కుకు తగిలించి, ఒక్కో కంప్యూటరునూ ఆపి, మళ్ళీ వెలిగించాడు. నేను టీ తెప్పించి అతని పక్కన కూర్చున్నాను. అతను చెప్పినది, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నది కలిపి మీకు చెబుతాను.

కంప్యూటరు వెలిగించగానే మామూలుగా తన హార్డ్ డిస్కులో చూసుకుంటుంది. అలా కాకుండా నెట్‌వర్కు వైపు చూడమని కూడా చెప్పవచ్చు. ఇందుకు ఇంటెల్ కంపెనీ 1990ల చివర ఒక పద్ధతి రూపొందించింది. దాని పేరు పి.ఎక్స్.ఇ. నెట్‌వర్కు కార్డులోనే ఒక బుల్లి ప్రోగ్రాము ఉంటుంది. డిస్కు ఖాళీగా ఉన్నా సరే అది లేచి, "నేను ఫలానా నంబరు కార్డును, నాకు చిరునామా ఇచ్చేవారెవరు?" అని వైరులోకి కేక వేస్తుంది. ప్రతి కార్డుకూ పన్నెండు అక్షరాంకెల సొంత నంబరు ఉంటుంది. చిరునామాలు పంచే సర్వరు ఆ కేక విని ఒక చిరునామా కేటాయిస్తుంది. మొదటి ఫైలు ఎక్కడ దొరుకుతుందో కూడా అప్పుడే చెబుతారు. ఆ మొదటి ఫైలును తెచ్చే ఏర్పాటు 1981 నాటిది. పాతదైనా బహు చిన్నది కనుక, ఇంకా కళ్ళు తెరవని యంత్రం కూడా దాన్ని వాడుకోగలదు.

కొత్తగా చేరిన గుమాస్తా నియామకపు ఉత్తరం పట్టుకుని గుమ్మంలో నిలబడినట్టు ఊహించుకోండి. ఒకరు సీటు చూపిస్తారు, ఇంకొకరు తాళాలు ఇస్తారు, మరొకరు పని పుస్తకం చేతిలో పెడతారు. ఇదీ అంతే. మొదటి చిన్న ఫైలు రెండోదాన్ని పిలుస్తుంది. అది మెమరీలోనే తిరిగే ఒక చిన్న విండోస్‌ను తెస్తుంది. ఆ చిన్న విండోస్ హార్డ్ డిస్కును తుడిచి, భాగాలుగా పంచి, ముందే తయారుచేసి ఉంచిన పూర్తి నకలును దించుతుంది. ఆ నకలును ఇమేజి అంటారు. భాష ఏది, గడియారం ఏ దేశానిది, యంత్రం పేరేమిటి వంటి ప్రశ్నలకు జవాబులన్నీ ముందే ఒక ఫైలులో రాసి పెడతారు. మనిషి మీట నొక్కాల్సిన పనే ఉండదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. ఇమేజి 5 గిగాబైట్లు అనుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల వైరులో అది వెళ్ళడానికి 400 సెకండ్లు, అంటే సుమారు ఏడు నిముషాలు కావాలి. వంద కంప్యూటర్లకు విడివిడిగా పంపితే 40,000 సెకండ్లు, పదకొండు గంటల పైమాటే. అందుకని మల్టీకాస్ట్ అనే ఉపాయం ఉంది. గుడిలో మైకులో ఒక్కసారి చెబితే ఊరంతా విన్నట్టు, సర్వరు ఒక్కసారే పంపుతుంది, వందా ఒకేసారి అందుకుంటాయి. ఏడు నిముషాల పంపకంతో సరి. ఇది కాగితం మీది లెక్క. నిజంలో కొంత ఎక్కువే పడుతుంది, కాని తేడా మీకు తెలిసింది గదా.

రాత్రి తొమ్మిదింటికల్లా పదకొండు కంప్యూటర్లూ కొత్త ముఖాలతో వెలిగాయి. కుర్రవాణ్ణి మెచ్చుకుని, అతనిచ్చిన కాగితం మీద సంతకం పెట్టాను. మొదలుపెట్టే ముందు ఇంకో కాగితం మీద కూడా పెట్టాను. అందులో "కంప్యూటర్లలోని సొంత ఫైళ్ళు భద్రపరచబడినవి" అని ఒక గడి ఉంది. టిక్కు కొట్టాను. బ్యాంకు లెక్కలన్నీ సర్వరులోనే ఉంటాయి, కౌంటరు కంప్యూటర్లలో ఏముంటుంది అనుకున్నాను. ఏ యంత్రం దగ్గరకూ వెళ్ళి చూడలేదు.

సోమవారం ఉదయం మా అవ్వ వచ్చింది. ఆమె భర్త పోయి రెండు నెలలైంది. చేతిలో ఆయన పాత పాసుబుక్కు. దాని మీద లెడ్జరు కాలపు పొట్టి నంబరు. కోర్ బ్యాంకింగు వచ్చినప్పుడు ఆ నంబర్లు పోయి పొడుగాటి కొత్త నంబర్లు వచ్చాయి. పేరు పెట్టి వెతుకుదామంటే పాసుబుక్కులో కన్నడంలో రాసిన పేరు, కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు ఎక్కించినది. ఎంత వెతికినా దొరకలేదు.

ఇలాంటివారి కోసమే మా హెడ్ క్లర్కు గారు పాత నంబరు ఎదురుగా కొత్త నంబరు వేసి ఒక జాబితా తయారుచేసుకున్నారు. ఏళ్ళ తరబడి కట్టిన జాబితా. ఆయన సెప్టెంబరులో రిటైరయ్యారు. జాబితా ఆయన కూర్చునే కంప్యూటరులోనే ఉండిపోయింది. శనివారం రాత్రి దాని మీద కొత్త విండోస్ పడింది. ఆయనకు ఫోను చేస్తే, "సార్, తుడిచేముందు ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాణ్ణి గదా" అన్నారు.

గమనించండి, అవ్వ డబ్బు ఎక్కడికీ పోలేదు. సర్వరులో పైసాతో సహా భద్రంగా ఉంది. దాని దగ్గరకు వెళ్ళే దారి మాత్రం చెరిగిపోయింది. ఆ దారి చెరిపింది యంత్రం కాదు, నా టిక్కు.

కంది కోతల కాలం. కూలీలకు డబ్బివ్వాలి. నేను రోజూ సాయంత్రం ఇంటికి వెళ్ళే దారిలోనే ఆమె అరుగు. "ఏమాయె బిడ్డా?" అని అడిగేది. కోపంగా అడిగితే బాగుండేది. తొమ్మిది సాయంత్రాలు తల దించుకుని వెళ్ళాను. పగలు పని ముగించుకుని రికార్డు గదిలో గోనెసంచుల్లో కట్టిపెట్టిన పాత ప్రింటు కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాను. పదో రోజున నంబరు దొరికింది. 18 వేల చిల్లర. వారసత్వపు కాగితాలు పూర్తిచేయించి చేతికిచ్చేసరికి సగం చేను కోత ఆమె అప్పుతోనే చేయించుకుంది. ఆ అప్పు మీద వడ్డీ ఏ రిజిస్టరులోనూ నా పేరున పడదు.

నాది పదకొండు కంప్యూటర్ల పొరపాటు. ఇంతకంటే పెద్దది మన తెలుగువారు ఎందరో ఉన్న అట్లాంటాలో 2014 మే నెలలో జరిగింది. ఎమొరీ విశ్వవిద్యాలయంలో విండోస్ 7 పెట్టే ఆదేశం పొరపాటున అక్కడి విండోస్ యంత్రాలన్నిటికీ వెళ్ళింది. ల్యాప్‌టాపులు, బల్ల మీది కంప్యూటర్లు, చివరకు సర్వర్లకు కూడా. ఆదేశంలో మొదటి పని డిస్కు తుడవడం. గమనించి, పంపుతున్న సర్వరును ఆపబోయేసరికి, అది తనను తానే తుడిచేసుకుంది!

2024 జులై 19 మీకు గుర్తుండే ఉంటుంది. అది ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టడం కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక లోపమున్న ఫైలు. కాని దారి ఇదే, ఒకచోటి నుంచి అందరికీ. మైక్రోసాఫ్టు అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు పడిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేత్తో రాసి ఇచ్చారు. పంపడం ఒక్క మీటతో అయింది. బాగుచేయడానికి మాత్రం చాలాచోట్ల మనుషులు ఒక్కో యంత్రం దగ్గరకూ వెళ్ళవలసి వచ్చింది.

ఇందుకు మందు కొత్తది కాదు. మన స్ట్రాంగు రూములో ఎప్పటినుంచో ఉంది. తాళాలు రెండు, మనుషులు ఇద్దరు. ఒకరు వచ్చినా తలుపు తెరుచుకోదు. చెక్కు రాసినవాడే పాసు చేయకూడదు. నెట్‌వర్కు ద్వారా పంపే ఆదేశానికీ ఇదే వర్తిస్తుందని నా నమ్మకం. ఏయే యంత్రాలకు వెళుతుందో ఆ జాబితాను తయారుచేసినవారు కాకుండా మరొకరు చదవాలి. మొదట ఒక్కదాని మీద, తర్వాత పదింటి మీద చూసి, ఆ తర్వాతే వందకు వెళ్ళాలి. అన్నింటికంటే ముందు, ఆ యంత్రం ముందు కూర్చునే మనిషిని అడగాలి. ఇంజనీరుకు తెలిసేది డిస్కు మాత్రమే. అందులో ఏముందో, అది ఎవరికి ఆసరాయో తెలిసింది రోజూ అక్కడ కూర్చునేవారికే.

ఈ మాట ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14న మామూలు మద్దతు ముగిసింది. మీ ఆఫీసుల్లోను, పిల్లల కాలేజీల్లోను యంత్రాలు మార్చే పని జరుగుతూ ఉండవచ్చు. "ఈ రాత్రికి అన్నీ కొత్తవి అవుతాయి" అని ఎవరైనా అంటే సంతోషించండి, అది మంచి పనే. పాత సిస్టమ్‌తో కూర్చోవడం అంతకంటే ప్రమాదం. కాని వెళ్ళి మీ డెస్కుటాపు మీద, డౌన్‌లోడ్ల ఫోల్డరులో, డి డ్రైవులో ఏముందో ఒకసారి చూసుకోండి. కావలసినవి వేరేచోట నకలు తీయండి. ఆ నకలు తెరుచుకుంటోందో లేదో కూడా చూడండి. మీకంటే ముందు ఆ కుర్చీలో కూర్చుని వెళ్ళినవారికి ఒక ఫోను చేయండి. ఆ తర్వాతే టిక్కు కొట్టండి.

ఆ తర్వాతి ఏడు మా శాఖలో మళ్ళీ రెండు కంప్యూటర్లు మార్చారు. ఈసారి నేను ఒక్కోదాని ముందూ కూర్చుని చూశాను. రెండోదానిలో పెన్షనుదార్ల ఫోను నంబర్ల ఫైలు ఒకటి దొరికింది. ఆ సాయంత్రం అరుగు మీది అవ్వకు ఆ సంగతి చెప్పాను. "గిప్పుడన్న తెలిసిందా బిడ్డా" అని నవ్వింది.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. అంతవరకు సెలవు.