యాప్‌కి ఎన్ని నక్షత్రాలని కాదు



మా అప్ప కొడుక్కి ఏడేళ్లు. ఇంకా మాట రాలేదు. ఆటిజం అని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి ఎవరు ఏ యాప్ పేరు చెప్పినా మా బావ ఫోనులో వేస్తూనే ఉన్నాడు. సంక్రాంతికి వెళ్లి లెక్కపెడితే పదకొండు ఉన్నాయి. "సదువుకున్నోడివి కదరా, ఏది మంచిదో నువ్వే సెప్పు" అంది అప్ప. ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాణ్ణి కాబట్టి నాకన్నీ తెలుసని ఆమె నమ్మకం! రేపు మీ ఇళ్లలోనూ మిమ్మల్నే అడుగుతారు. అందుకే ఇది రాస్తున్నాను.

బాగా పేరున్న ఒక యాప్‌లో ఆపిల్ బొమ్మ నొక్కితే చప్పట్లు మోగి బుడగలు ఎగురుతాయి. మావాడు పది నిమిషాల్లో నేర్చేశాడు. అప్ప మురిసిపోయింది. తరువాత ఫోను జేబులో పెట్టుకుని, నిజం ఆపిల్, అరటిపండు ముందుంచి "ఆపిల్ ఇవ్వరా" అన్నాను. వాడు నా జేబు వంక చూశాడు. వాడు నేర్చింది చప్పట్లని, పండుని కాదు. ఆ యాప్‌కి నాలుగున్నర నక్షత్రాలున్నాయి. తెర మీద చేసింది తెర బయట చేయగలుగుతున్నాడా అన్నది ఆ నక్షత్రాలు చెప్పవు.

ఇంకొక సంగతి. వాడికి ఆకలేస్తే కావలసింది చోడి అంబలి. యాప్‌లో ఉన్నది శాండ్‌విచ్. మన ఇంటి ఫొటో, మన గొంతు చేర్చుకునే వీలు లేని యాప్ మన పిల్లలకు ఎందుకూ పనికిరాదని నా అభిప్రాయం.

బొమ్మతో అడగడం నేర్పే పద్ధతి కొత్తదేమీ కాదు. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ బొమ్మ కార్డులతో మొదలుపెట్టారు. చెన్నైలో అజిత్ నారాయణన్ తయారుచేసిన ఆవాజ్, ఐఐటీ బొంబాయి వారు ఉచితంగా ఇస్తున్న జెల్లో, బొమ్మ నొక్కితే మాట పలుకుతాయి. ఫోను మాట్లాడితే పిల్లాడు మాట నేర్వడని మా బావ భయం. 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ పాత అధ్యయనాలను వడకట్టి చూస్తే, నమ్మదగిన వాటిలో ఏ ఒక్కరికీ మాట తగ్గలేదు. ఎక్కువమందికి కొంత పెరిగింది కూడా.

అసలు చిక్కు వేరే ఉంది. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. ఉదయం ఆరింటికి బావతో పాటు పనికి వెళ్లిపోతుంది. అంటే పిల్లాడి గొంతు కూడా సాయంత్రం దాకా ఇంట్లో ఉండదు. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో చేరింది. నడవలేనివారికి మూడు చక్రాల బండి ఇస్తున్నప్పుడు, మాట రాని పిల్లాడికి ఒక ఫోను ఎందుకివ్వకూడదు? మనం అడగాలి.

అంతవరకు ఆగలేక చోడవరంలో ఫొటోలు ప్రింటు తీయించి, పాత శుభలేఖల అట్టల మీద అంటించాను. పద్దెనిమిది కార్డులయ్యాయి. అంబలి కార్డు ఇప్పటికి రెండుసార్లు తెచ్చి వాళ్ల నానమ్మ చేతిలో పెట్టాడట. బడి కార్డు మాత్రం మంచం కింద దాచేస్తున్నాడు.