విడిభాగాలూ ఆయుధమే

అమెరికాలో ఒక ఔత్సాహికుడు ఏఆర్-15 తుపాకీని తొలిసారి సొంతంగా బిగించుకున్న వైనంపై గత సంచికలో వ్యాసం వేశారు. భాగాలన్నీ ఎవరైనా పోస్టులో ఇంటికే తెప్పించుకోవచ్చని అందులో రాశారు. అది తప్పు. బ్యారెల్, ట్రిగ్గర్, స్టాకు అలా రావచ్చు. కానీ అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం లోయర్ రిసీవర్ (ట్రిగ్గర్‌ను అమర్చే కింది చట్రం) ఒక్కటే అసలు తుపాకీ. దుకాణంలో కొనే రిసీవర్‌ను లైసెన్సున్న డీలరు ఫారం 4473 నింపించుకుని, నేరచరిత్ర తనిఖీ చేయించాకే చేతికిస్తాడు. సులువుగా తుపాకీగా మార్చగల కిట్లనూ 2022లో నిబంధనల కిందికి తెచ్చారు. అక్కడి సుప్రీంకోర్టు 2025 మార్చిలో 7-2 తీర్పుతో ఆ నిబంధనను నిలబెట్టింది.

నా ఆందోళన మాత్రం మన పిల్లల గురించి. ఎఫ్-1 వీసా మీద చదువుకునేవారు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీయే కాదు, తూటా దగ్గర ఉంచుకున్నా ఫెడరల్ నేరమే. ఆ వ్యాసం చదివి సరదాపడే కుర్రాడికి ఈ సంగతి ఎవరు చెబుతారు? ఇక్కడైతే 1959 ఆయుధాల చట్టం విడిభాగాలనూ ఆయుధాలుగానే చూస్తుంది. లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేస్తే కనీస శిక్ష 7 ఏళ్ల జైలు.

వచ్చే సంచికలోనే సవరణ ప్రచురించండి.

— అమెరికాలో చదువుతున్న ఓ విద్యార్థి తండ్రి, ఖమ్మం