దళారి లేని పదివేల ఇండ్లు

మా తాత కాలంలో మాకు దుకాణమే లేదు. తాత మిల్లు కార్మికుడు. పాళీ విడిచినంక సాకర్ పేట, దాజీ పేట గల్లీల్లో తిరిగేవాడు. కరీంనగర్ నుంచో, పాలమూరు నుంచో మూటాముల్లె పట్టుకొని వచ్చినవాళ్లకు ముందు కావలసింది ఒక ఖోలీ. ఏ చాళ్‌లో ఎవరు ఖాళీ చేస్తున్నరో తాతకు తెలుసు. వచ్చినవాడు కిరాయి కట్టేవాడా కాదా అన్నది వాళ్ల ఊరి మనిషిని అడిగితే తెలిసేది. ఇద్దరినీ కలిపేవాడు. మొదట్లో చాయ్ తాపేవారు, తర్వాత కిరాయిలో కొంత చేతిలో పెట్టేవారు. మా ఇంటి ధంధా అట్ల మొదలైంది.

1877లో పెట్టిన జూనీ మిల్లు 1960లలో మూతపడ్డది. తర్వాత మిగతా మిల్లులు కూడా ఒక్కొక్కటి ఆగినయి. మగవాళ్లు పవర్‌లూముల మీదికి పోయిండ్రు, ఆడవాళ్ల బీడీలే చాలా ఇండ్లకు ఆధారమైనయి. మా నాన్న దుకాణం తెరిచే నాటికి జనం ఖోలీ అడగడం తగ్గి జాగా అడుగుతున్నరు. ఊరి చుట్టూ పొలాలను గుంటలుగా కోసి అమ్మేవారు. ఎకరానికి 40 గుంటలు, గుంట అంటే 1,089 చదరపు అడుగులు. పేదోడికి అందేది అదే. కాని సాత్‌బారా ఉతారా ఒక్కటి, దాని మీద పదిమంది పేర్లు. రోడ్డు లేదు, మోరీ లేదు, బ్యాంకు లోను ఇయ్యదు. 2001లో సర్కారు గుంఠేవారీ చట్టం తెచ్చి, రుసుము కట్టించుకొని ఇటువంటివాటిని సక్రమం చేసే దారి చూపింది. అప్పటికే నాన్నకు ఒక నియమం ఉండేది, కొనేవాడి పేరు ఉతారా మీద విడిగా ఎక్కే దారి లేని ముక్కను చూపించేవాడు కాదు. అందుకే మా దుకాణం పెద్దగ పెరగలేదు.

మా షోలాపూర్‌లో కష్టజీవుల ఇండ్ల బేరాల్లో నేను చెప్పుకోదగ్గది మాత్రం ఏ దళారీ చేయలేదు. నర్సయ్య ఆడం గారి నాయకత్వంలో బీడీ చుట్టే ఆడవాళ్లు సహకార సంఘం కట్టుకొని కుంభారిలో జాగా తీసుకున్నరు. ఇంటికి 60 వేలు. కేంద్రం 20, రాష్ట్రం 20, కార్మికురాలు 20. వార్లీ ఆదివాసుల పోరాటం నడిపిన గోదావరి పరుళేకర్ పేరు పెట్టిన ఆ ఘర్‌కుల్‌లో 10,000 ఇండ్లు లేచినయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అప్పగించిండు. ఆ తర్వాత అదే కుంభారిలో రేనగర్ వచ్చింది. మొత్తం 30,000 ఇండ్లు. 2024 జనవరిలో ప్రధాని మోదీ వాటిల్ల 15,000 అప్పగించిండు. మా దుకాణానికి ఇందులో ఒక్క పైసా రాలేదు. నాన్న దీని మీద, “మనం ఒక్కొక్కరికి వెతికినం, వాళ్లు అందరికీ ఒక్కసారే వెతుక్కున్నరు” అనేవాడు.

ఇప్పుడు నా కాలం. పిల్ల పెళ్లికో, దవాఖాన ఖర్చుకో ఆ ఇండ్లు చేతులు మారుతున్నయి. పోయిన ఏడు ఒక అక్క నా దగ్గరికి బాండు కాగితం తెచ్చింది. మగ్గం మీద కూడబెట్టిన సొమ్మంతా పోసి, వేరే దళారి మాట మీద ఇల్లు తీసుకున్నది. ఇల్లు ఒక తల్లి పేరున ఉంది, తల్లి చనిపోయింది, సంతకం పెద్దకొడుకు ఒక్కడిదే. ఇద్దరు ఆడబిడ్డలు వచ్చి మా వాటా ఏది అన్నరు. వాళ్లు అడిగింది న్యాయమే. వీలునామా లేకుండా తల్లి పోతే కొడుకులకు, బిడ్డలకు, భర్త ఉంటే అతనికి సమాన హక్కు. ఆ అక్క ఇంకా కిరాయి ఇంట్లనే ఉంది.

కాబట్టి అక్కలారా, అన్నలారా, ఇసారు ఇచ్చే ముందే కాగితాలు చూడుండ్రి. నోటరీ చేసిన బాండుతో ఇల్లు మీది కాదు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఖరేదీ ఖత్ నమోదు కావాలె. ముఖ్తియార్‌నామా మీద కొన్న ఇంటికి హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. పథకం ఇల్లు అయితే అమ్మే గడువు తీరిందా, సొసైటీ అనుమతి ఉందా అని రాతపూర్వకంగా అడుగుండ్రి. ఆడవాళ్ల పేరున ఇల్లు కొంటే మన రాష్ట్రంలో స్టాంపు సుంకంలో 1 శాతం తగ్గింపు ఉంది, అది వదులుకోవద్దు. కొత్త పెద్ద స్కీములో ఫ్లాటు చూపించే ఏజెంటుకు 2017 నుంచి రెరా నంబరు ఉండాలె. నంబరు అడిగితే కోపం చేసేవాడి వెంట పోవద్దు.

నన్ను అడిగినా అంతే. దుకాణం గోడకు నా నంబరు వేలాడదీసిన, వచ్చినవాళ్లు ముందు దాన్ని చదివి కూసుంటే నాకు సంతోషం.