గ్రిడ్ మోస్తుంది, వీధి మోయాలి

విద్యుత్ కార్లు పెరిగితే గ్రిడ్ కుప్పకూలుతుందన్న భయం, తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న జంషెడ్‌పూర్‌లో మాంగో ప్రాంత వాసులకు తేలిగ్గానే కలుగుతుంది. సువర్ణరేఖ నదికి అవతలున్న సాక్చి, బిష్టుపూర్‌లకు టాటా స్టీల్ వ్యవస్థ కరెంటిస్తుంది; ఇవతల మాంగోకు ఝార్ఖండ్ బిజిలీ వితరణ్ నిగమ్ ఇస్తుంది. వేసవి కోతలు ఎరిగినవాళ్లకు కొత్త లోడ్ అంటే గుబులు సహజం. అయితే ఆ గుబులుకు అసలు కారణం గ్రిడ్ కన్నా వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌లోనే ఎక్కువగా ఉంది.

లెక్క వేసి చూద్దాం. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే చిన్న కారుకు సుమారు 6 యూనిట్లు చాలు. లక్ష కార్లకు 6 లక్షల యూనిట్లు. రోజంతటికీ సర్దితే 25 మెగావాట్లు. 2024 మే 30న దేశం దాదాపు రెండున్నర లక్షల మెగావాట్ల గరిష్ఠ డిమాండ్‌ను తీర్చింది. దాని ముందు 25 మెగావాట్లు ఏపాటి? కానీ ఆ లక్షమందీ రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చి 3.3 కిలోవాట్ల ఛార్జర్లు ఒక్కసారే ఆన్ చేస్తే 330 మెగావాట్లు కావాలి. వీధిలో ఇబ్బంది ఇంకా తీవ్రం. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మోయగల లోడంతా అలాంటి 30 కార్లకే సరిపోతుంది. ఇళ్లలోని ఏసీలకూ మోటార్లకూ ఏమీ మిగలదు. పరిమితికి మించి వేడెక్కిన ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇన్సులేషన్ పాడై దాని ఆయుష్షు తగ్గిపోతుంది.

అందుకే ఛార్జింగ్ వేళలు మార్చాలి. సౌరవిద్యుత్ దొరికే పగటి గంటల్లో ధర కనీసం 20 శాతం తక్కువుండాలని కేంద్రం 2023లో నిబంధనలు సవరించింది. పగలు కారు ఇంట్లో ఉండదు కదా అంటారు. నిజమే, అందుకే ఛార్జర్లు కర్మాగారాల, ఆఫీసుల పార్కింగుల్లో రావాలి. బొగ్గు కరెంటుతో నడిస్తే లాభమేమిటన్న ప్రశ్నకూ పగటి ఛార్జింగే మంచి సమాధానం. కారున్నవాళ్ల కోసం లేనివాళ్లు బిల్లు కట్టాలా అన్న అభ్యంతరం న్యాయమైనది. విద్యుత్ కారుకు విడిగా కనెక్షన్ తీసుకునే వీలు ఆ నిబంధనల 2024 సవరణతో వచ్చింది. ఆ మీటరుపై రద్దీ వేళల్లో ఎక్కువ ధర వేస్తే భారం వాడుకున్నవాళ్ల మీదే పడుతుంది. ముందు కోతలు ఆపండి అనేవారి మాటా సబబే. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచితే కారున్న ఇంటికీ లేని ఇంటికీ మేలే. మాంగోలోనైనా, వరంగల్, విజయవాడల్లోనైనా పంపిణీ సంస్థలు ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్‌పై సాయంత్రపు లోడ్ కొలిచి ప్రజల ముందు పెట్టాలి. కార్లు వచ్చాక కాదు, రాకముందే ఆ పని జరగాలి.