సన్నాయి గొంతు నొక్కుతున్నదెవరు?

ఖరగ్‌పూర్ తెలుగు బస్తీలలో పెళ్ళి ముహూర్తాలు, మాత పూజలు సమీపించినప్పుడు ఒక వింత బేరం సాగుతున్నది. పందిరికి, దీపాలకు, వీడియోకు అడిగినంత ముట్టజెప్పేవారు సన్నాయి మేళం వద్దకు వచ్చేసరికి కటిక యజమానుల అవతారమెత్తుతున్నారు. “నాలుగు గంటలు ఊదినందుకు ఇంత సొమ్మా?” అని గద్దిస్తున్నారు. ఓవర్‌టైములో పది నిమిషాలు కోసినా యూనియన్ కార్యాలయం మెట్లెక్కేవారే వీరు! 1927లో ఇదే పట్టణంలో బెంగాల్ నాగపూర్ రైల్వే యాజమాన్యాన్ని సమ్మెతో ఎదిరించిన కార్మికుల వారసులకు ఈ భాష ఎక్కడిది?

ఊదడం సులువైన పని అనుకునేవారు ఆ వాద్యాన్ని ఒక్కసారి చేతబట్టి చూడవలెను. దానికి ప్రాణం నోటిలోని పీక. కళాకారులు దానిని సీవాళి అంటారు. కావేరీ తీరపు రెల్లును ఉడికించి, ఎండబెట్టి, అణచి, లోహపు గొట్టానికి బిగించి కడతారు. దాని రెండు రేకులు ఊపిరికి ఒకదానినొకటి తాకి కంపిస్తేనే నాదం. తేమ హెచ్చితే ఒక తీరు, ఎండ ముదిరితే మరొక తీరు పలుకుతుంది, కొద్దికాలానికే అరిగిపోతుంది. కనుకనే వాద్యానికి అదనపు పీకల గుత్తి వేలాడుతుంటుంది. (అది అలంకారమని భ్రమించే పెళ్ళిపెద్దలు లేకపోలేదు.) ఇక కర్ర సంగతి. కుంభకోణం సమీపాన నరసింగంపేట శిల్పులు పాత ఇళ్ళ దూలాల నుండి బాగా ఎండిన ఆచా కలపను ఏరి తొలుస్తారు. వారి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. గుర్తింపు పత్రం కడుపు నింపదు. మేళానికి పిలుపు తగ్గితే మొదట పస్తుండేది పీక కట్టేవాడు, పిమ్మట శిష్యుడు లేని గురువు.

“యంత్రం మీట నొక్కితే డోలు, సన్నాయి రెండూ మ్రోగుతున్నవి కదా!” అని కొందరి వాదన. మనము యంత్రానికి శత్రువులము కాము. పని పోయినవానికి దారి చూపని యంత్రీకరణనే వర్క్‌షాప్‌లో ప్రతిఘటించినాము. అదే నీతి గుడి ముంగిట ఎందుకు మరచిపోవలెను?

“అది కులవృత్తి, పోతే పోనిండు” అనే మాట ఇంతకంటె ప్రమాదకరమైనది, ఎందుకనగా అందులో సగం న్యాయమున్నది. నాయీ బ్రాహ్మణ కళాకారుని చేత మంగళవాద్యం వాయింపజేసుకొని, భోజనానికి మాత్రం వేరు పంక్తిన కూర్చోబెట్టిన సమాజం మనది. పోవలసినది ఆ పంక్తి భేదమే గాని, వాద్యం కాదు. ఒంగోలు సమీపాన కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, 1982లో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం స్థాపించి శిష్యులను తీర్చినారు. ఆయన శిష్యులైన కాలేషాబీ, మహబూబ్ సుభానీ దంపతులు 2020 సంవత్సరపు పద్మశ్రీ పొందినారు. కులమూ మతమూ స్త్రీపురుష భేదమూ ఈ విద్యకు అడ్డుగోడలు కావని ఇంతకంటె రుజువేమి కావలెను?

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఆమోదించినపుడు మనవారు సంతోషించినారు. సమంజసమే. అయితే బోర్డు మీది అక్షరాలతోనే భాష బ్రతుకుతుందా? బిస్మిల్లా ఖాన్ షెహనాయి స్టాంపును తపాలా శాఖ 2008లో విడుదల చేసినది, అప్పటికి ఆయన మరణించి రెండేళ్ళు. ఆ స్టాంపులను అమ్మిన సోదరులు బ్రతికియున్న వాద్యకారుని కూలి గురించి కూడ మాట్లాడవలెను.

రైల్వే యాజమాన్యాన్ని మనము అడగవలసినది స్పష్టం. సాంస్కృతిక కోటా నియామక ప్రకటనలలో సన్నాయి, డోలు పేర్లు స్పష్టంగా చేర్చవలెను. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో వారానికి రెండు సాయంత్రాలు, జీతమిచ్చి గురువును నియమించి, ఏ కులపు బిడ్డకైనా, ఆడపిల్లకైనా నేర్పించవలెను. పీకల ఖర్చు విద్యార్థి మీద మోపరాదు.

అయితే అంతకుముందే మన చేతిలోని పని ఒకటున్నది. యూనియన్ మహాసభలకు, మేడే ఊరేగింపులకు మేళాన్ని పిలిచేటప్పుడు కూలి రేటు, ప్రయాణపు ఖర్చు, భోజనం, విశ్రాంతి వ్యవధి కాగితం మీద వ్రాసి ఇవ్వవలెను. తాంబూలంలో పెట్టిన సొమ్మును దయగా చూపరాదు. ప్రతి శాఖ రాబోవు సర్వసభ్య సమావేశంలో దీనిని తీర్మానంగా చర్చకు పెట్టి, చర్చకు ముందు స్థానిక మేళం వారిని పిలిచి, వారి కూలి ఎంత ఉండవలెనో వారి నోటనే వినవలెను.